ఆకుల వంతు

ఇంజనీరు సొలానో మీటరు బిగించడం పూర్తిచేసి, దాని అద్దాన్ని చొక్కా చేతితో తుడిచి, ఇక సంతకం పెట్టమన్నాడు. ఎదువీహెస్ లోపలికి వెళ్ళి రెండోసారి చేతులు కడుక్కుని వచ్చింది. మొదటిసారి కడుక్కున్నాక కాఫీ వడకట్టిన గుడ్డసంచి పిండాల్సి వచ్చింది, ఆ మరక కాగితానికి అంటుతుందేమోనని ఆమె భయం. డెబ్బై ఒక్కేళ్ళ మనిషి. ఆదివారం చర్చికి వేసుకునే నీలం గౌను మంగళవారం పూట వేసుకుని, సొంత వరండాలోనే కొత్త మనిషిలా నిలబడింది.

"ఈ గీత మీద, తియా," అని ఫ్లోరిబెత్ వేలు పెట్టి చూపించింది.

హిల్గేరో కొండ మీద ఉన్న తొమ్మిది ఇళ్ళకూ ఆమె తియానే. అత్త కావాలన్నవాళ్ళకు అత్త, పిన్ని కావాలన్నవాళ్ళకు పిన్ని. వరసలు ఎవరూ లెక్కకట్టి చూసుకోలేదు. ఆ తొమ్మిది ఇళ్ళూ ఒకే తాత భూమి మీద ఉన్నాయి, ఆ భూమిని ఇంతవరకూ ఎవరూ పంచుకోలేదు.

ఎదువీహెస్ కలం అందుకుని కాగితం వైపు చాలాసేపు చూసింది. "నా పేరెందుకు తల్లీ? వాగు మీది కరెంటు చక్రం అందరిదీ కదా."

ఆ మాట ఆమె ఆదివారం కూడా అంది. ఆదివారం బడి గదిలో అందరూ కూర్చున్నప్పుడు, కాగితంలో పేరుకు ఒక్క గీతే ఉందని ఫ్లోరిబెత్ చెప్పగానే, నేనంటే నేనని ఎవరూ అనలేదు. ఎవెలియో తన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, తను దానికి తగనన్నాడు. నిదియా తను నిన్నగాక మొన్న కోడలిగా వచ్చినదాన్నంది, ఆమె వచ్చి పదకొండేళ్ళయింది. ఫ్లోరిబెత్ తండ్రి అనానియాస్ కిటికీలోంచి బయటికి చూస్తూ ఊరుకున్నాడు. చివరికి చక్రానికి దగ్గర ఇల్లు తియాదే కనక, పెద్దది కూడా తియానే కనక, ఆమె పేరే మర్యాదగా ఉంటుందని అందరూ అన్నారు. ఒకరి పేరు చెబితే మిగిలినవాళ్ళు చిన్నబుచ్చుకునే చోట, ఆమె పేరు చెబితే ఎవరూ చిన్నబుచ్చుకోరు.

"పేరు కాగితం మీదే, తియా," అంది ఫ్లోరిబెత్ ఇప్పుడు కూడా. "మిగతాదంతా ఎప్పటిలాగే."

ఎదువీహెస్ ఒక్కొక్క అక్షరం విడివిడిగా రాసింది. రాసి, కలం మూత వెతికి పెట్టి, రెండు చేతులతో తిరిగి ఇచ్చింది.

ఆ కాగితం కోసం ఫ్లోరిబెత్ మూడు నెలలు తిరిగింది. కింద టౌనులో సహకార విద్యుత్ సంఘం ఆఫీసులో ఆమెది కౌంటరు పని. ఎవరి చోట వారు కరెంటు చేసుకోవచ్చు, కానీ చేసుకున్నది అదే స్థలంలో వాడుకోవాలి, గట్టు దాటించి పక్కవాళ్ళకు ఇవ్వకూడదు అని కొత్త నియమం వచ్చింది. నమోదు కాని యంత్రాలకు అక్టోబరు ఆఖరుకు సీలు వేస్తామన్న ఉత్తరాలు మడతపెట్టి కవర్లలో పెట్టింది ఆమే. అందులో ఒకటి హిల్గేరోకి వెళ్ళాల్సిందని ఆమెకు తెలుసు. భోజనాల వేళ అందరూ బయటికి వెళితే ఆమె నియమాల పుస్తకం తెరిచి కూర్చునేది. పంచని భూమి ప్రభుత్వం లెక్కలో ఒకే స్థలం. ఒకే స్థలానికి ఒకే మీటరు, ఒకే వినియోగదారు. అలా అయితే తొమ్మిది ఇళ్ళకూ వెళ్ళే తీగలు గట్టు దాటినట్టు కాదు. అది కనిపెట్టిన రోజు ఆమె తెచ్చుకున్న అన్నం డబ్బా మూత తియ్యకుండానే ఇంటికి తిరిగొచ్చింది.

సొలానో మీటరు పక్కన ఉన్న ఎర్రపిడి మీటను చూపించి వివరించాడు. మామూలుగా పిడి పైకి ఉండాలి. గాలివానకు సంఘం లైను పోతే పిడి కిందికి లాగాలి. అప్పుడు చక్రం కరెంటు ఇళ్ళకు మాత్రమే వెళుతుంది, లైనులోకి పోదు. పోతే, అక్కడెక్కడో స్తంభమెక్కి తీగ ముడి వేస్తున్న మనిషి చచ్చిపోతాడు. అందుకని ఈ మీట గానీ, కింద చక్రం గానీ, నీళ్ళ తూముకున్న జల్లెడ గానీ, వినియోగదారు తప్ప వేరేవాళ్ళు ముట్టుకోకూడదు. ఏం జరిగినా బాధ్యత ఈవిడదే.

అతను చెడ్డగా చెప్పలేదు. రోజూ చెప్పే మాట చెప్పినట్టు చెప్పి, మీటరు కింద అదే మాట రాసున్న పసుప్పచ్చ కాగితం ఒకటి అంటించాడు. ఎవెలియో అప్పటిదాకా మీట పెట్టె మీద చెయ్యి వేసుకుని నిలబడి ఉన్నాడు. మెల్లగా చెయ్యి తీసి జేబులో పెట్టుకున్నాడు. ఫ్లోరిబెత్ అది చూసింది. చూసి, ఏమీ అనుకోలేదు.

తరవాత అందరూ కాఫీ తాగారు, మొక్కజొన్న రొట్టెల్లో జున్ను పెట్టుకుని తిన్నారు. ఇకనుంచి బల్బు మాడిపోతే ఫిర్యాదు మీకే కంపెనీగారూ అని ఎవెలియో తియాను ఆటపట్టించాడు. ఆమె అతన్ని గరిటెతో బెదిరించింది. అనానియాస్ కూతురి వైపు చూడకుండానే, ఆమె కప్పు ఖాళీ అవకముందే మళ్ళీ నింపాడు. అంతకంటే ఎక్కువ మెచ్చుకోవడం ఆయనకు రాదు.

బుధవారం తెల్లవారి ఐదున్నర బస్సుకు దిగుతూ ఫ్లోరిబెత్ తియా ఇంటి ముందు ఆగింది. కటకటాల గేటు బయట ఎవెలియో నిలబడి ఉన్నాడు. భుజాన పళ్ళకర్ర ఉంది.

ఆ పళ్ళకర్ర అందరిదీ. పొడుగాటి కాఫీకొమ్మ పిడి, చివర ఇనుప పళ్ళు. వాగు దగ్గర తూము నోటికి ఇనుప జల్లెడ ఉంది. రాత్రంతా కొట్టుకొచ్చిన ఆకులు దానికి పడతాయి. ఆకులు నిండితే నీళ్ళు గొట్టంలోకి పోక పక్కనుంచి పొర్లిపోతాయి, చక్రం నీరసిస్తుంది, ఇళ్ళల్లో దీపాలు ఎర్రబడతాయి. అందుకని రోజుకొక ఇల్లు తెల్లవారగానే వెళ్ళి ఆకులు లాగాలి. లాగినవాళ్ళు వస్తూ వస్తూ పళ్ళకర్రను పక్కింటి గోడకు ఆనించి పోతారు. రేపటి వంతు ఎవరిదో నోటితో చెప్పక్కర్లేదు, నిద్రలేచి తలుపు తీస్తే గోడ చెబుతుంది.

చక్రం దగ్గరికి దారి తియా పెరట్లోంచే. కోళ్ళగూడు పక్కనుంచి, సీమవంకాయ పందిరి కిందనుంచి దిగాలి. ఆ దారిన పోవడానికి ఎవరూ ఎవరినీ అడిగింది లేదు. గేటు తోసుకుని వెళతారు, తియా లేచి ఉంటే పలకరిస్తారు, లేవకపోతే లేదు.

"ఊపే," అని పిలిచాడు ఎవెలియో.

పరాయి ఇంటి ముందు నిలబడి పిలిచే పిలుపు అది. తలుపు తట్టడం మొరటని, గేటు బయట నిలబడి అలా అంటారు. ఊరూరా దుప్పట్లు అమ్ముకునేవాడు అంటాడు, జనాభా లెక్కలవాళ్ళు అంటారు. ఎవెలియో ఆ ఇంటి ముందు అలా అనడం ఫ్లోరిబెత్ పుట్టాక విన్లేదు.

తలుపు తెరుచుకుంది. ఎదువీహెస్ జడ విప్పుకునే ఉంది, దుప్పటి కప్పుకుని గాభరాగా వచ్చింది.

"ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు తియా. ఆకులు తీద్దామని."

"దానికి నన్నెందుకు లేపడం?"

"మీరు సరేనంటే వెళదామని," అన్నాడు అతను. టోపీ అప్పటికే చేతిలోకి వచ్చింది. "నిన్న ఆ ఇంజనీరు చెప్పాడు కదా."

"ఒరే ఎవెలియో, నీ ముక్కు తుడిచిన చెయ్యిరా ఇది. వెళ్ళు."

అతను నవ్వాడు, ఫ్లోరిబెత్ కూడా నవ్వింది. కానీ గేటులోంచి వెళ్ళేటప్పుడు అతను పక్కకు ఒదిగి, పూలమొక్కల కుండీలకు కాలు తగలకుండా నడిచాడు. కొత్త ఇంట్లోకి వెళ్ళేవాడి నడక. ఆమె బస్సులో ఆ సంగతి తలుచుకుని నవ్వుకుంది, ఆఫీసులో అందరికీ చెప్పి నవ్వించింది.

గురువారం వంతు నిదియాది. ఫ్లోరిబెత్ సాయంత్రం బస్సు దిగి పైకి వస్తూంటే పళ్ళకర్ర తియా వరండాలో, మీటరు స్తంభానికి ఆనించి ఉంది. శుక్రవారం పొద్దున కూడా అక్కడే ఉంది. పిడి తడిగా ఉంది.

శుక్రవారం సాయంత్రం నిదియా దారిలోనే కలిసింది. భుజం మీద చంటిదాన్ని వేసుకుని, రెండో చేత్తో గోధుమరొట్టె పట్టుకుని తియా ఇంటినుంచే వస్తోంది. రొట్టె ఇవ్వబోతే తియా సగం తిరిగి ఇచ్చిందట. ఫ్లోరిబెత్ వంతు సంగతి అడిగింది. నిదియా చంటిదాని టోపీ సర్దుతూ, నిన్న పొద్దున్నే పళ్ళకర్ర తీసుకెళ్ళి తియాకు అప్పగించి వచ్చానంది. తనకు చేతకాక కాదు. ఈమధ్య రాళ్ళు నాచుపట్టి ఉన్నాయి, తను జారి ఆ జల్లెడ వంగిపోయిందనుకో, అది ఎవరి మీదకు వస్తుంది? కాగితంలో ఉన్నది పాపం తియా పేరు.

"నా వల్ల ఆవిడకి మాట రాకూడదని," అంది. "నువ్వే చెప్పు ఫ్లోరి, ఆఫీసులో చేస్తావు కదా. తప్పా?"

తప్పని ఫ్లోరిబెత్ అనలేకపోయింది. కాగితంలో అలాగే రాసి ఉంది. అది రాసిన పేజీ కూడా ఆమెకు గుర్తే.

"ఇప్పుడు ఆకులు ఎవరు తీస్తున్నారు?"

"తియానే అనుకుంటా," అని, కాస్త ఆగి, "దగ్గరే కదా ఆవిడకి," అంది నిదియా.

శనివారం వంతు ఫ్లోరిబెత్ వాళ్ళది. తెల్లవారి ఆమె లేచేసరికి అనానియాస్ రబ్బరు బూట్లు వేసుకుని గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. బెల్లం నీళ్ళు తాగడం అయిపోయింది, గ్లాసు పక్కన పెట్టి ఉంది. వాన పడుతోంది. సన్నగా మొదలై వారమంతా విడవకుండా కురిసే అక్టోబరు వాన. ఆయన వాననూ, గోడనూ మార్చి మార్చి చూస్తున్నాడు.

"వెళ్ళలేదేం నాన్నా?"

"పళ్ళకర్ర రాలేదు."

"తియా ఇంట్లో ఉంది. తెచ్చుకుంటే సరిపోతుంది."

ఆయన బూటుకు అంటిన మట్టి పుల్లతో గీశాడు. ఇంకొకరి వరండాలోంచి వస్తువు తెచ్చుకోవడం ఎలా బాగుంటుందన్నాడు. ఆమె పంపితే వెళతాడు, అది వేరు. పంపలేదంటే ఆమె ఏదో అనుకునే ఉంటుంది. ఇప్పుడు తను వెళ్ళి అడిగితే, కాగితం వచ్చి నాలుగు రోజులు కాలేదు, అప్పుడే లెక్క అడగడానికి వచ్చాడంటుంది లోకం.

"ఎవరు నాన్నా లోకం? ఉన్నదే తొమ్మిది ఇళ్ళు."

"అదే లోకం," అన్నాడు ఆయన. ఇంకో అరగంట కూర్చుని బూట్లు విప్పేశాడు. విప్పిన బూట్లు రెండూ జతగా, మడమలు గోడకు ఆనేలా పెట్టాడు. వంతు లేని రోజు ఆయన ఆ బూట్లు ముట్టుకోనే ముట్టుకోడు.

ఫ్లోరిబెత్ గొడుగు వేసుకుని తియా ఇంటికి వెళ్ళింది. పెరటి గుమ్మం దగ్గర పొయ్యి పక్కన ఎదువీహెస్ కూర్చుని చేతులకు పందికొవ్వు రాసుకుంటోంది. వేళ్ళ కణుపుల దగ్గర చర్మం పగిలి ఉంది. కొండమీది వాగు నీళ్ళు అక్టోబరులో సూదుల్లా ఉంటాయి. గౌను అంచు మోకాళ్ళదాకా తడిసి, పొయ్యి వేడికి ఆవిరి వస్తోంది.

"పళ్ళకర్ర మా ఇంటికి పంపలేదేం తియా? ఇవాళ మాది కదా."

ఎదువీహెస్ వేలి మీద కొవ్వును మర్దన చేసుకుంటూనే, నిదియా తెచ్చి ఇక్కడ పెట్టిందంది. ఎందుకు పెట్టిందో ఆ పిల్ల చెప్పలేదు, తను అడగలేదు. పెట్టిన వస్తువును తీసుకెళ్ళి ఇంకొకరి గోడకు ఆనిస్తే ఏమనుకుంటారు? పేరు రాయించుకుంది, పని మాకు పంచుతోంది అనుకోరూ?

"అలా ఎవరూ అనుకోరు."

"మీ నాన్న అనుకోడు. మీ నాన్న మంచివాడు," అంది ఎదువీహెస్. "కానీ నేను అనుకుంటానమ్మా. పంపే చెయ్యి ఇప్పుడు అప్పటి చెయ్యి కాదు."

ఫ్లోరిబెత్ పొయ్యిలో కట్టె ఎగదోసింది. తను ఇప్పుడే వెళ్ళి ఆకులు తీసి వస్తానంది. ఎదువీహెస్ నవ్వి, పొద్దున్నే తీసేశానంది. తీసేశాక ఇంకో వంతు ఎక్కడుంటుంది?

మధ్యాహ్నానికి గాలి కూడా కలిసింది. మూడింటికి లోయలో ఎక్కడో చెట్టు పడి సంఘం లైను పోయింది. ఎదువీహెస్ స్టూలు ఎక్కి, ఎర్రపిడిని రెండు చేతులా పట్టుకుని కిందికి లాగింది. తొమ్మిది ఇళ్ళల్లో దీపాలు ఒక్క క్షణం ఆరి, మళ్ళీ వెలిగాయి. అంతా ఇంజనీరు చెప్పినట్టే జరిగింది. ఫ్లోరిబెత్ కిటికీలోంచి చూస్తే కింద టౌను ఉన్న చోట మసక తప్ప ఏమీ లేదు. తమ కొండ మీద మాత్రం వెలుగుంది. ఆ వెలుగు తను తెచ్చిన కాగితం వల్ల నిలిచిందన్న సంగతి ఆమెకు తెలుసు. నాలుగు రోజుల కిందట అయితే ఆమె గుండె పొంగేది.

ఆదివారం చర్చికి ఎవరూ దిగలేదు, దారి బురదైపోయింది. ఫ్లోరిబెత్ తియా ఇంట్లో కూర్చుని నల్ల చిక్కుడు గింజల్లో రాళ్ళు ఏరుతోంది. సాయంత్రం ఐదు కాకుండానే బల్బులో తీగ ఎర్రగా కనబడసాగింది. గాలికి గ్వారూమో చెట్ల ఆకులు తెగి పడుతున్నాయి. ఒక్కొక్కటి విస్తరంత ఉంటుంది, అలాంటివి నాలుగు చాలు జల్లెడ మూసుకుపోవడానికి. ఎదువీహెస్ ఆ రోజు అప్పటికే రెండుసార్లు దిగి వచ్చింది. మూడోసారి లేవబోయి, మోకాలి మీద చెయ్యి వేసుకుని, కాసేపు అలాగే ఉండిపోయింది. ఈసారి తను వెళతానని ఫ్లోరిబెత్ చాట పక్కన పెట్టింది.

అప్పుడే గేటు దగ్గర "ఊపే" అని వినపడింది.

ఎవెలియో. పైన ప్లాస్టిక్ సంచి కప్పుకుని వానలో నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే కాళ్ళకు బురదుందన్నాడు. తనకు చాలా సిగ్గుగా ఉందన్నాడు, ఆదివారం పూట ఇబ్బంది పెడుతున్నందుకు క్షమించమన్నాడు. మాట చుట్టూ నాలుగుసార్లు తిరిగి, చివరికి చెప్పాడు.

"మీ కరెంటు ఇవాళ కాస్త నీరసంగా ఉంది తియా. మా ఇంట్లో ఫ్రిజ్జు తిరగడంలేదు. తొందరేం లేదు. మీకు వీలైనప్పుడే."

ఐదు రోజుల కిందట ఇదే వరండాలో అతను ఇదే మాట వేళాకోళానికి అన్నాడు. ఇప్పుడు వేళాకోళం లేదు. వాన నీళ్ళు ప్లాస్టిక్ సంచి మీంచి జారి అతని కనుబొమల మీద పడుతున్నాయి. అతని ముఖంలో మర్యాద తప్ప ఇంకేమీ లేదు.

"చూస్తాలే నాయనా," అంది ఎదువీహెస్. "చెప్పి మంచి పని చేశారు."

చేశారు అంది. ఒరే అన్న నోటితో. ఎవెలియో కూడా అది విన్నాడు, తల వంచుకుని, దేవుడు మీకు మేలు చెయ్యాలని చెప్పి వెళ్ళిపోయాడు. ఫ్లోరిబెత్ పళ్ళకర్ర తీసుకుని పెరట్లోకి దిగింది. వాగులో మోకాళ్ళలోతు నిలబడి ఆకులు లాగుతుంటే చేతులు మొద్దుబారాయి. ఆమెకు కోపం వచ్చింది, కానీ ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియలేదు.

సోమవారం కొండ మీదికి లైను ఇంకా రాలేదు, బస్సు మాత్రం నడిచింది. ఆఫీసులో ఆమె సొలానో బల్ల దగ్గరికి వెళ్ళి, వినియోగదారు పేరు ఉన్న గీత మీద తొమ్మిది పేర్లు రాయొచ్చా అని అడిగింది. అతను మంచివాడే, నవ్వలేదు. పుస్తకం తీసి చూపించాడు. ఒకే గీత. తొమ్మిది మందీ కలిసి ఒక సంఘంగా నమోదైతే అప్పుడా సంఘం పేరు రాయొచ్చు. దానికి వకీలు, గెజిట్టు, ఏడాది పట్టొచ్చు. పైగా భూమి పంపకాల మాట కూడా అప్పుడు కదులుతుంది. కదపమంటారా? ఆమె వద్దంది. భూమి మాట కదిలితే ఆ కొండ మీద ఏమవుతుందో ఆమెకు తెలుసు.

"అయితే అనుమతి పత్రం ఇవ్వొచ్చు," అన్నాడు సొలానో. "ఫలానావారు మా యంత్రాన్ని శుభ్రం చెయ్యడానికి నేను అనుమతిస్తున్నాను అని. వినియోగదారు సంతకం ఉంటే చాలు. అప్పుడు ఎవరు ముట్టుకున్నా తప్పులేదు."

ఫ్లోరిబెత్ ఆ మధ్యాహ్నం కూడా అన్నం డబ్బా తెరవలేదు. ఎనిమిది పత్రాలు టైపు చేసింది. ఒక్కొక్కదాని మీద ఒక్కో ఇంటి పేరు, కింద ఆకులు తీసే రోజు. పళ్ళకర్ర తిరిగే వరసలోనే, ఈ బుధవారం ఎవెలియోతో మళ్ళీ మొదలయ్యేలా పెట్టింది. ముద్ర కూడా వేయించింది. బస్సులో వాటిని ఒళ్ళో పెట్టుకుని, వాన చినుకు పడకుండా స్వెట్టరు కప్పింది.

ఎదువీహెస్ కళ్ళద్దాలు పెట్టుకుని మొదటిది చదివింది. చదివి, రెండోది తీసింది. అందులో పేరూ రోజూ తప్ప అంతా మొదటిదేనని తెలిసినా, ఎనిమిదీ చదివింది.

"అనానియాస్ వాగులో దిగడానికి నేను అనుమతి ఇవ్వాలా?"

"కాగితానికే తియా."

అలా అన్నాక ఫ్లోరిబెత్ నాలుక కరుచుకుంది. ఎదువీహెస్ చేతులు కడుక్కుని వచ్చి, ఎనిమిది చోట్లా, ఒక్కొక్క అక్షరం విడివిడిగా సంతకం పెట్టింది. పగిలిన వేలు చివర కలం ఆనిన చోట నొప్పి పుడుతున్నట్టుంది, మధ్యలో రెండుసార్లు కలం ఆ చేతినుంచి ఈ చేతికి మార్చుకుంది.

మంగళవారం సెలవు పెట్టి ఫ్లోరిబెత్ తమ ఇల్లు కాక మిగతా ఏడు ఇళ్ళకూ తిరిగింది. అందరూ కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. నిదియా కాగితాన్ని రెండు చేతులా అందుకుని, ముద్ర చూసి, దేవదూతల మేరీమాత పటం వెనక జాగ్రత్తగా దోపింది. తియాకు కృతజ్ఞతలు చెప్పమంది. తియాకు ఎప్పుడైనా ఒంట్లో బాగాలేకపోతే కబురు పెట్టమని, తప్పకుండా వస్తానని అంది. ఎవెలియో తన కాగితాన్ని భూమి పత్రాలున్న రేకుడబ్బాలో పెట్టి మూత బిగించాడు. ఇంత గౌరవం తనకు ఎవరూ ఇవ్వలేదన్నాడు. తియా ఎప్పుడు పిలిస్తే అప్పుడు సిద్ధమన్నాడు.

"పిలవక్కర్లేదు దోన్ ఎవెలియో. కింద రోజు రాసి ఉంది. బుధవారం మీదే."

"రాసి ఉందమ్మా, చూశాను," అన్నాడు అతను నెమ్మదిగా. "అయినా ఆవిడ చెప్పకుండా ఎలా వెళతాం?"

ఇంటికొచ్చాక తండ్రి పత్రం ఆయన చేతికిచ్చింది. అనానియాస్ చదవలేదు. మడత పెట్టి కూతురి పళ్ళెం పక్కన పెట్టాడు.

"నాకు తెలిసి ఆకులకు కాగితం లేదు," అన్నాడు. "ఉందంటే ఇది ఆ పని కాదు."

ఆయన కోపంగా అనలేదు. అందుకే ఆమెకు ఎక్కువ తగిలింది.

బుధవారం ఇంకా మంచు విడవకముందే ఫ్లోరిబెత్ లేచింది. తండ్రి రబ్బరు బూట్లు తొడుక్కుంది, అవి ఆమె కాళ్ళకు వదులు. దారిలో తను చెయ్యవలసింది మనసులో వరసగా పెట్టుకుంది. ఎవరినీ అడగదు. గేటు తోసుకుని వెళుతుంది, చిన్నప్పటినుంచీ వెళ్ళినట్టు. వరండాలోంచి పళ్ళకర్ర తీసుకుంటుంది. ఆకులు లాగుతుంది. వస్తూ దాన్ని నిదియా గోడకు ఆనించి, మాట్లాడకుండా వెళ్ళిపోతుంది. గురువారం నిదియా తలుపు తీసి చూస్తుంది. ఒక్కసారి గోడకు ఆనితే చాలు, ఆ తరవాత అదే తిరుగుతుంది.

వాన తెరిపి ఇచ్చింది. ఎవెలియో ఇంటి ముందునుంచి వస్తుంటే కిటికీలో మనిషి కదిలినట్టుంది. లైను ఇంకా రాలేదు, బల్బు ఎర్రగా ఉంది. ఆమె అడుగు ఆపలేదు.

తియా గేటు మూసి ఉంది. ఎప్పుడూ ఉండేదే, కోళ్ళు బయటికి పోకుండా. పైన తీగ ఉంగరం ఒకటి, దాన్ని వేలితో లేపితే తెరుచుకుంటుంది. ఫ్లోరిబెత్ చెయ్యి చాపింది. అవతల వరండా స్తంభానికి మీటరు ఉంది. దాని అద్దం వెనక చిన్న ఆకుపచ్చ దీపం వెలిగి ఆరుతోంది. కింద పసుప్పచ్చ కాగితం వానకు ఒక మూల ఊడింది, కానీ అక్షరాలు చెరగలేదు. కలం పట్టుకున్న ఆ ముసలి చెయ్యి, ఎనిమిదిసార్లు రాసిన ఆ పేరు, అన్నీ ఆ గేటు అవతలే ఉన్నాయి. ఆమె వేలు ఉంగరం మీద ఉంది, కానీ లేవలేదు.

"ఊపే," అంది.

అన్నాకే ఆమెకు తన గొంతు వినపడింది.

లోపల్నుంచి ఎవరూ పలకలేదు. ఆమె మొహం వేడెక్కింది. ఉంగరం లేపి లోపలికి వెళ్ళింది. వరండాలో పళ్ళకర్ర లేదు. కోళ్ళగూడు పక్కనుంచి, పందిరి కిందనుంచి దిగింది. తూము దగ్గర ఎదువీహెస్ గౌను నడుముకు దోపుకుని నీళ్ళలో నిలబడి ఉంది. పళ్ళకర్రను జల్లెడకు తగిలించి, ఒళ్ళు మొత్తం వెనక్కి వాల్చి లాగుతోంది. చేతుల్లో బలం చాలక అలా లాగుతోంది. ఒక గ్వారూమో ఆకు సగం లేచి మళ్ళీ అతుక్కుంటోంది.

ఫ్లోరిబెత్ నీళ్ళలోకి దిగింది. బూట్లలోకి నీళ్ళు వచ్చాయి. ఉన్నది ఒకటే పళ్ళకర్ర కనక వంగి చేతులతో ఆ ఆకు అంచు పట్టుకుని చించింది. రెండోది చించింది. చాలాసేపు ఇద్దరూ పక్కపక్కనే పని చేశారు. తీసిన ఆకులు వాగు వాలున తిరుగుతూ పోయాయి.

"ఊపే అన్నది నువ్వేనా?" అంది ఎదువీహెస్, ఆమె వైపు చూడకుండా.

"అవును తియా."

"వినపడింది."

అంతే అంది. పళ్ళకర్రను మళ్ళీ జల్లెడకు తగిలించింది. ఫ్లోరిబెత్ ఏదో చెప్పాలని నోరు తెరిచింది. కాగితం అనే మాట లేకుండా చెప్పడం ఎలాగో తెలియక, ఇంకో ఆకు అందుకుంది.

ఆఖరి ఆకు లేవగానే నీళ్ళు గుటక వేసినట్టు గొట్టంలోకి దిగాయి. కింద రేకుల షెడ్డులో చక్రానికున్న ఇనుప గరిటెల మీద ధార పడిన చప్పుడు వినపడింది. చక్రం మొదట మూలిగి, తరవాత వేగం అందుకుంది. పైన, మంచులో, తొమ్మిది ఇళ్ళ కిటికీలు ఒకదాని తరవాత ఒకటి ఎరుపు వదిలి తెల్లగా వెలిగాయి. ఫ్లోరిబెత్ నీళ్ళలో నిలబడే వాటిని చూసింది. ఏ ఇంటి తలుపూ తెరుచుకోలేదు.